ఏడాది మీద ఒక రోజు

మొన్న మా శాఖా గ్రంథాలయంలో చెదలు పట్టిన పుస్తకాలు ఏరి పక్కన పెడుతున్నారు. అక్కడ కొత్తగా చేరిన అమ్మాయి నాకు ఫోన్ చేసి, "ఏవండీ, అట్ట లేని జర్మనీ పుస్తకం అని మీరు వచ్చినప్పుడల్లా అడుగుతారు కదండీ, ఇది అదేనేమో ఓసారి వచ్చి చూస్తారా?" అంది. నేను వెళ్ళేసరికి పుస్తకం బల్ల మీద ఉంది. తెరవకముందే ముక్కుకు తెలిసిపోయింది అదేనని. పాత కాగితం, కిరసనాయిలు, వాటి అడుగున సన్నగా ఎండుచేప. చివరి రెండు వాసనలూ నా పుణ్యమే. ఆ పుస్తకం ఒకప్పుడు దాదాపు ఏడాది పాటు మా ఇంట్లో ఉంది.

ఆ అమ్మాయి పుస్తకంలో ఉన్న ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు రకాలుగా ఫోన్లో కొట్టి చూసింది. అయిదోసారికి తెర మీద ఒక నది కనిపించింది. గుర్రపు నాడాలా వంపు తిరిగిన నది, ఆ వంపులో ఇమిడిపోయిన ఊరు. చిన్నప్పుడు పెన్సిలుతో ఎన్నిసార్లు గీశానో ఆ వంపు. గీయడమైతే గీశాను గానీ, అలాంటి ఊరు నిజంగా ఉందా అని లోలోపల అనుమానం ఉండేది. ఉంది.

నేను బడికి వెళ్ళింది ఏడో తరగతి వరకే. మిగిలిన చదువంతా ఆ గ్రంథాలయం బల్లల దగ్గరే. ఈ మాట సిగ్గుపడి చెప్పడం లేదు, గొప్పకే చెబుతున్నాను. ఆ చదువుకు మొదటి మెట్టు ఈ అట్ట లేని పుస్తకం.

మా నాన్న రైల్వేలో గేట్‌మేన్. ఏలూరు శివార్లలో, కొల్లేటి లంకల వైపు నుంచి వచ్చే దారి మీద మా గేటు. గేటు పక్కనే రెండు గదుల క్వార్టరు. ఇనుప చక్రం తిప్పితే గేటు లేచేది, మళ్ళీ తిప్పితే దిగేది. ఆ చక్రానికి రాసిన గ్రీజు వాసన, లాంతరులో కిరసనాయిలు వాసన, పొద్దున్నే లంకల నుంచి బుట్టలతో వచ్చే చేపలామె వాసన, ఇవే నా చిన్నతనపు గాలి. అమ్మ ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు మల్లెపూలు పెట్టుకుంటే ఇంట్లో అందరం ఆమె వైపు తల తిప్పేవాళ్ళం, అంత కొత్తగా ఉండేది.

ఆ ఏడాది ఉగాది వెళ్ళిన నాలుగో రోజున, పొద్దున్నే, మా చిన్న మావయ్య చేతిలో చిన్న మూటతో గేటు దాటి వచ్చాడు. లంకల్లో ఒక కామందు దగ్గర పాలేరు అతను. అంతకుముందు తాతయ్య అదే కామందుకు పాలేరు. తాతయ్య పోయిన మర్నాడే, ఎవరూ ఏమీ చెప్పకుండానే, మావయ్య వెళ్ళి ఎద్దుల తాళ్ళు విప్పాడట. అప్పటికి అతనికి పదిహేనేళ్ళు. వాళ్ళ మధ్య కాగితం లేదు, బాకీ లేదు. తాతయ్య ఎప్పుడో ఆ గడపలో నిలబడి, "నేనూ నా పిల్లలూ మీ మనుషులవేనండి" అన్నాడట. ఆ ఒక్క మాటే. కామందు ఆ ఏడాది మావయ్య పెళ్ళి కూడా తానే కుదిర్చాడు. పిల్ల ఆయన దగ్గరే పనిచేసే మరో పాలేరు కూతురు. "ఇద్దరూ ఇక్కడే పడుంటార్రా," అన్నాడట. మావయ్యకు ఆ పిల్ల మీద కోపం లేదు. ఆ మాట మీదే కోపం.

"ఇప్పుడేం చేస్తావురా?" అని అమ్మ అడిగింది.

"ఏమో అక్కా. ఆయనొచ్చి రమ్మంటే మాత్రం కాదనలేను. ఆయన మొహం చూసి కాదనడం నాకు రాదు."

మావయ్యకు తివాచీలు నేసే వీధిలో ఉన్నికి రంగు వేసే పని దొరికింది. సాయంత్రం వచ్చేసరికి మణికట్ల దాకా ఎర్రగా ఉండేవి చేతులు. కుంకుడుకాయతో రుద్దినా పోయేది కాదు. ఎర్ర చేతులతోనే అన్నం కలిపేవాడు. అమ్మ చింతచిగురూ ఎండు రొయ్యలూ వండితే, ఆ ముద్దలు కూడా ఎర్రబడ్డాయని నేను వెక్కిరించేదాన్ని.

ఆ రోజుల్లోనే నాకు గ్రంథాలయంలో ఆ పుస్తకం దొరికింది. పూర్వం మా వైపు మిషన్ పని మీద వచ్చిన ఒక జర్మన్ దొరకు తెలుగు నేర్పిన పంతులు ఒకాయన, ఆ దొర చెప్పగా విని, దొర పుట్టిన ఊరి గురించి తేలిక తెలుగులో రాసిన చిన్న పుస్తకం అది. మధ్యలో మడత పెట్టిన పటం. దాన్ని విప్పాను. మూడు వైపుల నది, నాలుగో వైపు రాతి గోడ. గోడకు ఒకే ఒక్క గేటు. గేటు పక్కన కాపలావాడి ఇల్లు.

"నాన్నా, మన ఇల్లు వేశారు ఇందులో," అన్నాను.

నాన్న లాంతరు దగ్గర పెట్టుకుని చూశాడు. "మనకంటే నయం, వాడికి మేడ ఉందే," అన్నాడు.

అప్పటినుంచీ సాయంత్రం పూట గేటు వేసి ఉన్న సమయాల్లో నేను చదవడం, వాళ్ళు వినడం. ఊరి వెనక కొండ, కొండ మీద కోట, కోట కింద ఎండ తగిలే వాలులో ద్రాక్ష తోటలు, వంతెన కింద పిండిమర, నది అవతల అడవి. కోటలో ఉండే దొర ఊరివాడు కాదు. ఆ దొరకు ఇంకో పెద్ద దొర, ఆయనకు మీద ఒక చక్రవర్తి. ఒక తరంలో ఊరిని అన్నదమ్ములు పంచుకుంటే, వీధికి ఈ పక్క ఒకరిది, ఆ పక్క ఇంకొకరిది అయిందట. ఒకసారి ఊరు మొత్తాన్నీ కూతురి పెళ్ళికి కట్నంగా ఇచ్చేశారట. ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివాను. ఆ కాలంలో ఆ దేశం నిండా ఇలాంటి చిటికెడు దొరతనాలే ఉండేవని, కోడి కూత వినిపించినంత దూరానికి దొర మారిపోయేవాడని తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం అదంతా మా లంకల సంగతే అనిపించేది.

మావయ్యకు ఇష్టమైన పేజీ కోళ్ళది. ఊళ్ళో పొయ్యి పొగ లేచే ప్రతి ఇంటివాళ్ళూ ఏడాదికో కోడిని కోటకు ఇచ్చుకోవాలి.

"చదువు పాపా, ఆ కోళ్ళ ముక్క మళ్ళీ చదువు," అనేవాడు. చదివితే, "చూశావా బావా, మన కామందు ఎక్కడ నేర్చుకున్నాడో. మా అమ్మ ప్రతి పండక్కీ పుంజుని ఇచ్చి రావడవే," అనేవాడు.

దొర మరలో తప్ప ఇంకెక్కడా గింజ ఆడించకూడదు. నదిలో చేప దొరది. దొర ఒప్పుకోకుండా పెళ్ళి చేసుకోకూడదు. ఆ వాక్యం దగ్గర మావయ్య ఎర్ర చేతులు చూసుకున్నాడు. దొర కింది మనిషి చనిపోతే ఇంట్లో ఉన్న వాటిలో మంచి పశువును దొరకు ఇవ్వాలి.

"పశువు లేనోడు చస్తేనో?" అన్నాడు మావయ్య.

నేను వేలు పెట్టి వెతికాను. "ఉన్నవాటిల్లో మంచి బట్ట ఇవ్వాలంట."

"అయితే మా నాన్న విషయంలో కామందు నష్టపోయాడు. ఉన్న ఒక్క పంచే చిరిగిపోయింది." మావయ్య అలా అనేసరికి నాన్న పచ్చజెండా కింద పడేసుకుని మరీ నవ్వాడు. అమ్మ మాత్రం, "పోయిన మనిషి మీద వేళాకోళాలేంట్రా," అని గరిటె చూపించింది.

ఆ పుస్తకం చివర్లో ఉంది అసలు సంగతి. దొర కింద పనిచేసే మనిషి పారిపోయి వచ్చి, ఈ గోడ లోపల ఏడాది మీద ఒక రోజు ఉంటే, ఆ తర్వాత అతని మీద ఏ దొరకూ హక్కు లేదు. ఆ గడువు లోపల దొర వచ్చి అడిగితే మాత్రం అప్పగించాలి.

మూడుసార్లు చదివాను. నాకు అది జర్మనీ సంగతిగా అనిపించలేదు. పుస్తకంలో అచ్చయింది కాబట్టి అన్ని ఊళ్ళకూ ఒకటే రూలు అనుకున్నాను. మాకు నది ఉంది, తమ్మిలేరు. కాలువ ఉంది. కోట బదులు నీళ్ళ ట్యాంకు. గోడ ఒక్కటే లేదు, దాని బదులు రైలు పట్టాలు. గేటు ఉంది, దానికి కాపలా మా నాన్నే. మావయ్య వచ్చిన రోజు నుంచి లెక్కేసి, తలుపు వెనక సుద్దముక్కతో రోజుకో గీత పెట్టడం మొదలుపెట్టాను. మావయ్య చేత, "గేటు అవతలకి వెళ్ళను," అని బైబిలు మీద చెయ్యి పెట్టించాను. నవ్వుతూనే పెట్టాడు గానీ, పెట్టాడు.

పదిహేను రోజులకోసారి పుస్తకం తీసుకెళ్ళి మళ్ళీ రాయించుకొచ్చేదాన్ని. గ్రంథాలయంలో ఉండే పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూసి, "మళ్ళీ ఇదేనామ్మా? జర్మనీలో మీ చుట్టాలెవరైనా ఉన్నారా ఏంటి?" అనేవారు. "ఉన్నారండి," అనేదాన్ని.

వానలు వచ్చాయి, పోయాయి. కొల్లేటి పిట్టలు మా ఇంటి మీదుగా బారులు తీరి వెళ్ళాయి. క్రిస్మస్‌కి అమ్మమ్మ కూడా మా దగ్గరికే వచ్చి వెళ్ళింది. వస్తూ ఉప్పుచేప, కలువ దుంపలు తెచ్చింది. పుస్తకంలో ఎండుచేప వాసన అప్పటిదే, ఆవిడ మూట కట్టిన గుడ్డ మీద పెట్టి చదివాను. తలుపు వెనక గీతలు నా తల దాటి పైకి పోయాయి. స్టూలు ఎక్కి గీయాల్సి వచ్చేది.

ఇంకా పద్నాలుగు గీతలు మిగిలి ఉన్న రోజున, చేపలామె గేటు దగ్గర బుట్ట దించి నన్ను పిలిచింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు, అమ్మ పంపు దగ్గరికి వెళ్ళింది.

"పాపా, మీ అమ్మమ్మకి నాలుగ్రోజులుగా జొరం. మనిషి లేవట్లేదు. మీ మావయ్యని ఓసారొచ్చి చూసి పొమ్మంది. చెప్తావుగా?"

"చెప్తాను," అన్నాను.

చెప్పలేదు. మావయ్యకే కాదు, ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెబితే అమ్మ మావయ్యకు చెబుతుంది. అతను వెళతాడు. వెళితే లెక్క మొదటికి వస్తుంది. అదీ కాక అక్కడ కామందు ఉంటాడు, మొహం చూస్తే కాదనలేడు. ఇంత వయసు వచ్చాక అనుకుంటే చాలా మామూలు విషయం. అప్పుడు మాత్రం ఒక చేతిలో మావయ్య, ఇంకో చేతిలో అమ్మమ్మ ఉన్నట్టు, ఏ చెయ్యి తెరిచినా ఎవరో ఒకరు జారిపోతారన్నట్టు ఉండేది. అన్నం సయించలేదు. అమ్మ దిష్టి తీయబోతే నాన్న, "మనకవన్నీ లేవు కదే," అన్నాడు. "మనకి లేకపోతే పిల్లకుంటాయి," అని అమ్మ ఉప్పు తిప్పి పారేసింది. ఆదివారం చర్చిలో కళ్ళు గట్టిగా మూసుకుని, "ప్రభువా, అమ్మమ్మని పన్నెండు రోజులు బతికించు చాలు," అని ప్రార్థించాను. బయటికి వచ్చాక గుర్తొచ్చింది, చాలు అనకుండా ఉండాల్సిందని.

ఆ మర్నాడు మధ్యాహ్నం గూడ్సు బండి కోసం నాన్న గేటు వేశాడు. అవతల ఎద్దుబండి, రెండు సైకిళ్ళు, వాటి వెనక ఒక జీపు వచ్చి ఆగాయి. డ్రైవరు పక్కన తెల్ల చొక్కా, బుర్ర మీసాలు. లంకలకు వెళ్ళినప్పుడు నేను చూసిన మనిషే. కామందు.

పరిగెత్తుకెళ్ళి నాన్న చెయ్యి పట్టుకున్నాను. "గేటు తియ్యొద్దు నాన్నా."

"బండి వెళ్ళాక తియ్యాలమ్మా."

"పదకొండు రోజులు తియ్యొద్దు."

నాన్న నా వంకా జీపు వంకా చూశాడు. ఆయనకు అర్థమైంది. చాలాసేపు గూడ్సు పెట్టెలు మా ముందు నుంచి వెళ్ళాయి. ఎప్పటికీ అయిపోకూడదని ఒక్కొక్కటే చూస్తూ నిలబడ్డాను. చివరి పెట్టె వెళ్ళింది. నాన్న పచ్చజెండా చుట్టి, "మనం జీతం తీసుకునేది తియ్యడానికీ వెయ్యడానికీనే తల్లీ, ఎవరొచ్చారని చూడ్డానికి కాదు," అని చక్రం తిప్పాడు.

జీపు సరాసరి మా ఇంటి ముందే ఆగింది. వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. "పాపా, చెంబుతో మంచినీళ్ళు తేవే."

అమ్మమ్మ. దుప్పటి కప్పుకుని, చిక్కిపోయి, కానీ నీళ్ళు అడుగుతూ.

నీళ్ళు తెస్తుంటే చెంబు సగం ఒలికిపోయింది. కామందు పట్నంలో పని ఉండి వస్తూ, ఆవిడను మా చేత ఆసుపత్రిలో చూపిద్దామని ఎక్కించుకొచ్చాడట. నాన్న నులకమంచం వాల్చాడు. ఆయన కూర్చున్నాడు. నేను వెళ్ళి మావయ్యను పిలుచుకొచ్చాను. వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. ఎర్ర చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"కన్నతల్లికి ఒంట్లో బాలేదని కబురెడితే రావేంట్రా?" అన్నాడు కామందు.

మావయ్య నేల చూశాడు.

"మావయ్యకి తెలీదండి. చేపలామె నాకు చెప్పింది. నేనే చెప్పలేదు," అన్నాను.

కామందు నా వైపు తిరిగాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"ఇంకా పదకొండు రోజులుందండి."

ఆయనకు అర్థం కాలేదు. నేను లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చాను. నిలబడి ఆ పేజీ మొత్తం చదివాను. బడిలో ఇన్‌స్పెక్టరు ముందు చదివినట్టు గట్టిగా చదివాను. తలుపు మూసి వెనక గీతలు కూడా చూపించాను. ఆయన తల వంచి కింది నుంచి పైదాకా చూశాడు.

"ఈలోపల దొరొచ్చి అడిగితే?"

"ఇచ్చెయ్యాలండి."

"మరి నేను ఈలోపలే వచ్చాను కదా?"

"వచ్చారండి," అన్నాను. అబద్ధం చెప్పొచ్చని తోచలేదు. పుస్తకం చేతిలో ఉంది మరి.

కామందు మావయ్య వైపు తిరిగాడు. "ఆ చేతులేంట్రా?"

మావయ్య ముందుకు చాపాడు. "రంగండి. ఉన్నికేస్తానండి."

"పోదా?"

"పోదండి."

ఆయన ఇంకాసేపు చూసి లేచాడు. "నేను మీ అమ్మని దింపడానికొచ్చాను. ఏమీ అడగలేదు. విన్నావా పాపా, నేను అడగలేదు," అన్నాడు. జీపు ఎక్కబోతూ, ఎవరితో అన్నది తెలియకుండా, "చేలన్నీ చేపల చెరువులు తవ్విస్తన్నాను. ఎద్దుల్నీ తోలించేశాను. ఇంక చేపలకి పాలేరెందుకు," అన్నాడు. ఎద్దులు అనగానే మావయ్య తలెత్తాడు. జీపు పట్నం వైపు వెళ్ళిపోయింది.

"పని లేక వదిలాడు గానీ, మంచితనమా అది," అంది అమ్మ.

"ఎలా వదిలితేనేంటే. వదిలాడు. కాస్త గంజి కాయి," అంది అమ్మమ్మ.

జ్వరం ఆసుపత్రి మందులతో తగ్గింది. అమ్మమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు మా దగ్గరే ఉంది. నన్నెవరూ తిట్టలేదు. అమ్మ మాత్రం ఒకరోజు తల దువ్వుతూ, "పెద్దాళ్ళ ప్రాణాలు నువ్వు తూచకే," అంది. మిగిలిన పదకొండు గీతలూ గీశాను. ఆఖరి రోజు ఏమీ జరగలేదు. మావయ్య పనికి వెళ్ళాడు, వచ్చాడు. తర్వాతి ఏడు తనకు నచ్చిన పిల్లను పెళ్ళి చేసుకున్నాడు, ఎవరినీ అడగకుండా.

కానీ అమ్మ మాట నాతో ఉండిపోయింది. మళ్ళీ ఎవరికి జ్వరం వచ్చినా, ఫోను మోగినా, నా చేతిలో ఎవరి కబురైనా ఆగిపోయిందేమో అని ఉలిక్కిపడేదాన్ని. అమ్మమ్మ బతికింది, సరే. బతక్కపోతే? ఆ ప్రశ్నకు ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు.

మొన్న ఆ ఊరి బొమ్మ ఫోన్లో చూడగానే, మర్నాడే పాసింజరెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. మావయ్య ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంటున్నాడు. చూపు కాస్త మందగించింది. ఫోను కళ్ళకు దగ్గరగా పట్టుకుని, "ఇదేనా? కోళ్ళ ఊరు?" అన్నాడు. కోట సగం కూలిపోయింది. పిండిమర ఉన్నచోట హోటలు కట్టారు. గోడ చాలావరకు లేదు గానీ గేటు ఉంది, రాతి కమాను. దాని కింద నుంచి కార్లు పోతున్నాయి.

చాలాసేపు చూసి, "పాపా, నీకో మాట చెప్పాలి," అన్నాడు. నాకు అరవయ్యేళ్ళు దగ్గరపడినా అతనికి నేను పాపనే. "ఆ చేపలామె నాకూ చెప్పింది. అదే రోజు, బజార్లో."

నేను అతని వైపు తిరిగాను.

"మధ్యాహ్నం బస్టాండుకెళ్ళాను. లంకల బస్సొచ్చింది, ఎక్కలేదు. ఇంకోటొచ్చింది, అదీ ఎక్కలేదు. చీకటి పడే దాకా కూర్చుని వచ్చేశాను. ఆయన పట్టుకుంటాడని కాదు. ఎద్దుల్ని చూస్తే నేనే ఉండిపోతానని భయమేసింది. కామందు అడిగినప్పుడు చెబుదామనుకున్నాను. ఈలోగా నువ్వు అడ్డమొచ్చి నీ మీదేసుకున్నావు. తర్వాతెప్పుడన్నా చెబుదామనుకుంటే ఇన్నేళ్ళయిపోయింది."

నాకు కోపం రావాలి. రాలేదు. ఎన్నేళ్ళుగానో బిగించి పట్టుకున్న చెయ్యి దానంతట అదే తెరుచుకున్నట్టయింది. నవ్వు వచ్చింది, ఆ వెనకే కళ్ళనీళ్ళు. "ముందే చెబితే నా నిద్రన్నా బాగుండేది కదా మావయ్యా," అన్నాను.

"నాకూ బాగుండేది," అన్నాడు.

వాళ్ళమ్మాయి టీ తెచ్చింది. మావయ్య ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఆ రాతి కమాను మీద వేలు ఆనించాడు. "దీనవతల ఏముంది?"

"ఏమో. పటం ఇక్కడితో ఆగిపోయేది."

"జరుపు చూద్దాం."

అతని వేలు పట్టుకుని తెర మీద మెల్లగా జరిపాను. గేటు వెనక్కి పోయింది. రోడ్డు వచ్చింది, తర్వాత పొలాలు, ఆకుపచ్చగా, ఒకదాని పక్కన ఒకటి, చాలా దూరం దాకా.

"మన చేలల్లేనే ఉన్నాయి," అన్నాడు మావయ్య. "ఇంకా పోనీ."